కదలని ముల్లు

చిరంజీవి పిడుగుకు అమ్మ ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈసారి అందులో సగమే ఇక్కడ రాస్తున్నాను. నువ్వు క్షేమంగా ఉండాలి. మిగతా సగం ఉత్తరం చివరికి వచ్చాక, రాయగలిగితే రాస్తాను.

నీ ఉత్తరమూ, దానితో పంపిన రిపోర్టు చిత్తుప్రతీ పోయిన వారం అందాయి. ఉత్తరం ఒక పేజీ, రిపోర్టు దిండంత. కూతురు ప్రజారోగ్యశాఖలో డాక్టరైతే ఇంతే కాబోలు, క్షేమ సమాచారాలకంటే రోగ సమాచారాలే ఎక్కువ. అయినా రెండూ చదివాను. మామయ్య సరిగ్గా తింటున్నాడా అని అడిగావు. ఫోన్ ఎత్తకుండా ఈమధ్య ఉత్తరాలే ఎందుకు రాస్తున్నావని అడిగావు. నాన్న ముల్లు పెట్టె నీ బల్ల మీద పెట్టుకుంటాను, పంపమన్నావు. అన్నిటికంటే కింద, కాగితం అయిపోతున్నచోట, చీమల బారు లాంటి అక్షరాలతో, ఈ రిపోర్టు చూస్తే నాన్న ఏమనేవారు అని అడిగావు. అసలు ప్రశ్న అదేనని నాకు తెలుసు. చిన్నప్పుడు కూడా జ్వరం వచ్చిన సంగతి గుమ్మం దాటేటప్పుడు చెప్పేదానివి.

మీ మామయ్య తింటున్నాడు. ఏం తింటున్నాడో వాడికి తెలియదు, అంతే. కాలేజీలో లెక్కలు చెప్పడం మానేసి మన ఇంటికి వచ్చాక పనులు నేర్పుదామని చూశాను. మొన్న ఉల్లిపాయలకు పంపితే సుద్దముక్కల పెట్టెతో వచ్చాడు. అడిగితే, "అక్కా, దుకాణం దాకా గుర్తుంది, లోపలికి వెళ్లాకే పోయింది," అన్నాడు. వాడికి సున్నా మామయ్య అని పేరు పెట్టింది నువ్వే. రేపు వాన పడుతుందా మామయ్యా అంటే దాదాపు సున్నా, కూరలో ఉప్పు ఎంత వేశావు అంటే దాదాపు సున్నా. ఆ పేరు ఊరంతా పాకింది. ఇప్పటికీ కూరగాయల ఆమె, "సున్నాగారు సంచీ మరిచిపోయారమ్మా," అని మనిషితో పంపిస్తుంది.

ఫోన్ సంగతి చెబుతాను. ఫోన్‌లో అయితే నువ్వు ఒక చెవి నాకిచ్చి రెండో చెవి ఆఫీసుకిస్తావు. ఉత్తరమైతే కూర్చుని చదువుతావు. ఇది నిజమే, కానీ మొత్తం నిజం కాదు.

నీ రిపోర్టు చదువుతుంటే మధ్యలో మన పాత ఇంటి మేడ గుర్తొచ్చింది. పరిశోధన కేంద్రం వాళ్లిచ్చిన ఇల్లు, రెండు గదులూ ఒక వంటిల్లూ. మేడ మీద మీ నాన్న గాజు పలకలకు వాజలైన్ రాసి, ఒక్కొక్క కర్రకు ఒక్కొక్కటి కట్టేవారు. ఒకటి మోకాలెత్తు, ఒకటి మనిషెత్తు, ఒకటి ఆకాశానికి నిచ్చెన వేసినట్టు. గాలిలో తేలే పుప్పొడి వాటికి అంటుకుంటే, దించి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం. గాలి ఏ వేగంతో ఎంత బరువును ఎంత దూరం మోస్తుందన్నది మీ నాన్న భౌతికశాస్త్రం. ఆ గాలికి గడ్డి ఏం అప్పగిస్తుందన్నది నా వ్యవసాయశాస్త్రం. ఇద్దరి మధ్య గొడవ వస్తే తీర్పు చెప్పడం మీ మామయ్య లెక్కలు. నీ పని మా ముగ్గురి కాళ్లకూ అడ్డం పడటం.

కేంద్రంలో గడ్డిని వేరుచేసే గది నీకు ఇంకా గుర్తుందా? పొడుగాటి బల్ల, దాని మీద తెల్లకాగితం. కోసి తెచ్చిన మోపును పోచ పోచగా విడదీసి, ఏ జాతిని ఆ కుప్పలో పెట్టాలి. నువ్వు బల్ల కింద కూర్చుని, పైనుంచి జారిన పోచలను కళ్లు మూసుకుని బుగ్గకు రాసుకుని, "ఇది గరుకుది, ఇది నూగుది," అనేదానివి. సగంపైగా సరిగ్గానే చెప్పేదానివి. లోకంలో ఎవరినైనా గడ్డిపోచతో సమానం అంటే తిట్టు, మన ఇంట్లో మాత్రం అది పొగడ్త అని మీ నాన్న అందరికీ చెప్పేవారు.

ఆ గదిలోకి వచ్చే మోపుల్లో నాకిష్టమైనవి ముసలి మడివి. ఊరికి పడమర కాలువ అవతల ఆ పెద్ద మైదానం. మిగతా మడులన్నీ పూతకు రాకముందే కోసి పశువులకు వేస్తారు. ముసలి మడిని మాత్రం గింజ రాలేదాకా ముట్టుకోకూడదని నేను చేరకముందునుంచే నియమం. తన విత్తనం తనే చల్లుకునే నేల ఎరువు లేకుండా ఎన్నాళ్లు పండుతుందో చూడాలని పెద్దలు మొదలుపెట్టారు. వాళ్లు పోయారు, అది పండుతూనే ఉంది. మిగతా మడుల్లో నాలుగైదు జాతులుంటే అందులో నలభై పైగా ఉన్నాయి. పెళ్లికి ముందు నేను మీ నాన్నను మొదటిసారి చూసింది ఆ గడ్డిలోనే. నడుముదాకా మునిగిపోయి, చేతిలో గాలి కొలిచే గిన్నెల చక్రం పట్టుకుని నిలబడి ఉన్నారు. "అటు నడవకండి, గాలి చెడిపోతుంది," అన్నారు. ఆ మాటతో ఎవరైనా పెళ్లి చేసుకుంటారా? నేను చేసుకున్నాను.

ఇక వంటింటి బల్ల దగ్గర జరిగిన ఆ పెద్ద వాదన. నువ్వు నా పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నావు. ముసలి మడి పూతకొచ్చిన రోజుల్లో ఊళ్లో తుమ్ములూ దగ్గులూ ఎక్కువవుతున్నాయని, ఆ గడ్డి కోసేయమని పురపాలక సంఘం నుంచి కబురొచ్చింది. అప్పుడు మీ నాన్న పుప్పొడి రేణువు బరువెంత, ఎంత ఎత్తునుంచి ఎంతసేపట్లో నేల రాలుతుంది అని లెక్క కట్టారు. మీ మామయ్య సమీకరణాలు రాశాడు. గడ్డి పుప్పొడి బరువైనది, అందులో చాలాభాగం కాలువ దాటేలోపే రాలిపోతుంది, ఊరికి చేరేది లెక్కలోకి రానంత అని తేల్చారు. ఆ వ్యాసం అచ్చయింది. పురపాలక సంఘం నోరు మూతపడింది. ముసలి మడి బతికిపోయింది. ఆరోజు నేను పొందిన సంతోషం నీకు చెప్పలేను. పిల్లను ఎవరో ఎత్తుకుపోబోతే ఆపినట్టు అనిపించింది.

ఇప్పుడు నువ్వు ఆ లెక్క తప్పని రాశావు.

నీ రిపోర్టులో ఆ పేజీ రెండుసార్లు చదివి మీ మామయ్య చేతిలో పెట్టాను. పోయినేడు ఉక్కపోత తర్వాత ఉరుములతో గాలివాన వచ్చిన సాయంత్రం మన ఊరి ఆస్పత్రి మెట్ల నిండా ఊపిరాడనివాళ్లు కూర్చున్నారని ముందే తెలుసు. వాళ్లలో ఇద్దరు ఇంటికి తిరిగి రాలేదు. ఒకాయన చెప్పుల దుకాణం ఆయన, నీ బడి బూట్లు కుట్టిన మనిషి. కానీ వాళ్ల ఇళ్లన్నీ ఊరి పటం మీద నువ్వు చుక్కలుగా పెట్టి, ఆనాటి గాలి దిక్కును వాటి మీద గీస్తే, ఆ గీత వెనక్కి వెళ్లి ముసలి మడిలో ఆగుతుందని తెలియదు. ఆస్పత్రి కప్పు మీద గాలిని వడకట్టే జల్లెడలో నీకు పుప్పొడి రేణువులు దాదాపు దొరకలేదు. రేణువు తేమకు ఉబ్బి పగిలితే బయటపడే నలుసులు దొరికాయి. రేణువులో వందో వంతు కూడా ఉండవు. వాటికి బరువు లేదు. అవి కాలువేమిటి, ఊరు కూడా దాటిపోతాయి. ముక్కు దగ్గర ఆగవు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

మీ మామయ్య ఆ పేజీ చదివి, మళ్లీ మొదటినుంచి చదివాడు. చివరికి కళ్లద్దాలు తీసి, "అక్కా, ఆ సున్నా నాదే," అన్నాడు.

"ఏ సున్నా?"

"సమీకరణంలో చివర ఒక చిన్న పదం ఉండేది. రేణువు పగిలితే అని బావే రాశాడు. అది మరీ చిన్నది, ఉంచితే లెక్క వికారంగా ఉంటుంది, సున్నా అనుకుందాం బావా అని నేనే కొట్టేశాను. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, 'ఒరేయ్, దాన్ని కొట్టేయకుండా ఉంచితే ఏమవుతుందో చూడరాదూ,' అని అడిగాడు. ఎందుకు బావా అంటే ఊరికే అన్నాడు. నేను చూడలేదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి, పిల్ల ముందు తప్పు ఒప్పుకోవాలంటే నోరు రావడంలేదు గానీ, ఆరోజునుంచి ఆ పదాన్ని తిరిగి పెట్టి లెక్క చేస్తున్నాడు. సుద్దముక్కలు అందుకే. వంటింటి తలుపంతా తెల్లగా అయింది. నీకు విడిగా పంపుతానన్నాడు. బాగా రాశాడన్నట్టు నటించు.

ఇక మీ నాన్న ఏమనేవారన్నది. నీకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు మైక్రోస్కోపులో చూసి, "నాన్నా, ఈ నల్లవి పుప్పొడి కాదు, మన వంటింటి పొగ నలుసులు," అన్నావు. నెలరోజులుగా ఆయన మసిని పుప్పొడి అని లెక్కపెడుతున్నారు. మన పొగగొట్టం పక్కనే కర్ర పాతిన మహానుభావుడు. అప్పుడు మొహం చిన్నబుచ్చుకున్నారా? సైకిలు తీసి కేంద్రమంతా తిరిగి, "మా పిడుగు నా తప్పు పట్టుకుంది," అని తోటమాలితో సహా అందరికీ చెప్పి వచ్చారు. సాయంత్రందాకా తన కుర్చీ నీకిచ్చి తాను ముక్కాలిపీట మీద కూర్చున్నారు. ఆయన కూతురివి నువ్వు. వ్యాసం తప్పని రాయి. మెత్తగా రాయకు. "కొంతవరకు పునఃపరిశీలించవలసి ఉంది" అని ఒకచోట రాశావు, అది కొట్టేయి. తప్పు అని రాయి. ఆయనకు నానబెట్టిన మాటలు నచ్చవు.

ఇక్కడితో నువ్వు అడిగినవాటిలో ముల్లు పెట్టె మిగిలింది. నేను రాయాల్సింది కూడా దాని పక్కనే ఉంది, కాబట్టి కలిపి రాస్తున్నాను.

మన పడకగది అలమారు మీద ఆ పెట్టె ఉండేది. ముందు గాజు, లోపల సన్నటి ముల్లు, గాలిలో తేమ ఎంతుందో చూపిస్తుందని చెప్పేవారు. అది చాలా సున్నితమైనది, దాని మీద దుమ్ము పడకూడదు, గదిలో తేమ నిలకడగా ఉండాలి అని, గడ్డి పూతకొచ్చే రోజుల్లో మీ నాన్న రెండు కిటికీలకూ తడి దుప్పట్లు కట్టేవారు. పొద్దున కట్టి వెళ్తే మధ్యాహ్నానికి ఎండిపోయేవి. సరిగ్గా భోజనాల వేళకు ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మళ్లీ తడిపి కట్టి, ముల్లు చూసి, ఆఫీసుకు వెళ్లేవారు. ఇంటికి అన్నం కోసం రాని మనిషి ముల్లు కోసం వస్తాడని కేంద్రంలో నవ్వుకునేవారు. నేనూ నవ్వాను. నువ్వొకసారి, "ఇది ఎప్పుడూ కదలదేం నాన్నా?" అని అడిగావు. "కదలడంలేదంటే గదిలో అంతా సవ్యంగా ఉందన్నమాట," అన్నారు. నువ్వు ఆ మాట పట్టుకుని అన్నం గిన్నెకూ, పిల్లికూనకూ, నిద్రపోతున్న మామయ్యకూ అదే చెప్పేదానివి.

ఇప్పుడు నా సంగతి. పిడుగూ, నాకు ఊపిరి అందదు. ఇది ఈనాటిది కాదు. నీకు ఐదేళ్లప్పుడు మొదలైంది. మడి పూతకొచ్చిన రోజుల్లో మధ్యాహ్నం కాస్త నడుం వాల్చితే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. ఈల వేసినట్టు శబ్దం వచ్చేది. కేంద్రంలో ఏటా డాక్టరు పరీక్ష ఉంటుంది కదా, గడ్డి పడదని తేలితే మడులకు దూరంగా ఆఫీసు గదిలో కూర్చోబెడతారు. గడ్డి పడని గడ్డి శాస్త్రవేత్త అంటే నీళ్లంటే భయపడే చేప. అందుకని ఆ పరీక్ష ఎప్పుడూ పూత లేని నెలల్లో పెట్టించుకున్నాను. ఇంట్లో వంటింటి పొగ అన్నాను, జలుబన్నాను, దగ్గు వస్తే పెరట్లోకి వెళ్లి దగ్గాను. మీ నాన్నకు తెలియకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చానని నాలో నేనే గొప్ప పడేదాన్ని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడనుకున్నాను.

మీ నాన్న పోయాక మొదటి పూతకు దుప్పట్లు కట్టలేదు. ముల్లు ఎవరు చూస్తారని. ఆ ఏడే జబ్బు బాగా ముదిరింది. పోయినేడు గాలివాన రోజున కుర్చీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, గాలి కోసం నోరు తెరిచి, వానకు తెల్లబడిన వీధిని చూస్తూ ఉండిపోయాను. మీ మామయ్య గదిలో లెక్క చేసుకుంటున్నాడు, పిలవడానికి గొంతు లేదు. ఎప్పటికో తగ్గింది. ఆస్పత్రికి వెళ్లలేదు. నీ లెక్కలో ఒక మనిషి తక్కువ. ఇప్పుడు పూతతో పనిలేకుండా మాట్లాడుతుంటేనే ఈల వస్తోంది. ఫోన్‌లో రెండు మాటలు విన్నావంటే పట్టేస్తావు, నువ్వు డాక్టరువు. అందుకని ఉత్తరాలు.

నాకు గడ్డి పెట్టే హక్కు నీకుంది, పెట్టు. కానీ ముందు మిగతాది చదువు.

నీ రిపోర్టులో తేమకు పగిలిన నలుసుల సంగతి చదవగానే నాకు దుప్పట్లు గుర్తొచ్చాయి. తడి దుప్పటికి పుప్పొడి అంటుకునేది, అంతవరకు మంచిదే. నాకు ఊపిరి పట్టేసింది దుప్పట్లు తడిగా ఉన్నప్పుడు కాదు, ఎండి గాలికి కొట్టుకునేటప్పుడు. గోడవార ముందుగా పూసిన రెండు దుబ్బులు తెచ్చి, తడి గుడ్డ మీద దులిపి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. రేణువులు ఉబ్బి, ఒక్కొక్కటే పగిలాయి. లోపలి నలుసులు నీళ్లలోకి చిమ్మాయి. గుడ్డ ఎండాక విదిలిస్తే పక్కన పెట్టిన గాజు పలక మీద అవే కనిపించాయి. నువ్వు ఊరంతా తిరిగి పట్టుకున్నది మన పడకగది కిటికీలో ఏళ్లతరబడి జరిగింది.

మరి మీ నాన్న మధ్యాహ్నం వచ్చి సరిగ్గా ఎండేవేళకు దుప్పట్లు ఎందుకు తడిపేవారు? ముల్లు కోసమే కదా అనుకున్నాను, మొన్నటిదాకా.

నువ్వు పెట్టె అడిగావని, పంపేముందు శుభ్రం చేయిద్దామని కేంద్రంలో పరికరాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మీ నాన్నకు పాత స్నేహితుడు, చెవి కాస్త వినపడదు. గాజు విప్పి, లోపలికి చూసి, నా మొహంలోకి చూశాడు.

"అమ్మా, దీంట్లో వెంట్రుక లేదు."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ఈ రకం పెట్టెలో మనిషి వెంట్రుక ఒకటి బిగించి ఉంటుందట. తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది, దానితో ముల్లు కదులుతుంది.

"తెగిపోయిందా?" అని గట్టిగా అడిగాను.

"లేదమ్మా, ఎప్పుడూ లేదు. కట్టే కొక్కెం కొత్తదానిలాగే ఉంది. ఇంకో సంగతి చూడండి. ముల్లు వెనక లక్క చుక్క. కదలకుండా అతికించారు. ఇది పనికిరాదని నేనే పక్కన పడేస్తే, పారేయకు నాకు కావాలని మీ ఆయనే తీసుకెళ్లాడు. దేనికని అడిగాను. ఇంట్లో పని ఉందన్నాడు."

అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాను. ఆయన కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు.

మీ నాన్నకు తెలుసు, పిడుగూ. మొదటినుంచీ తెలుసు. నా ఈల విన్నారు. పెరట్లో దగ్గు విన్నారు. తెలుసు అని ఒక్క మాట అంటే నేను ఏదో ఒకటి వదులుకోవాలి, మడినో, ప్రాణాన్నో. ఏది ఉంచుకుంటానో ఆయనకు భయం. అందుకని పనికిరాని పెట్టె ఒకటి తెచ్చి అలమారు మీద పెట్టి, దానికి దుమ్ము పడదన్నారు. దానికోసమని కిటికీలు కప్పారు. ఎండలో సైకిలు తొక్కారు. ఊరంతా నవ్వితే నవ్వనిచ్చారు. దుప్పటి ఎండినప్పుడే నాకు ఎక్కువవుతోందని కనిపెట్టారు కాబట్టే మళ్లీ తడిపారు. ఎందుకో అంతుపట్టలేదు కాబట్టే వెళ్లి మీ మామయ్యను ఆ చిన్న పదం ఉంచి చూడమన్నారు. నా పేరు చెప్పలేక ఊరికే అన్నారు. ఆయన వ్యాసంలో అబద్ధం రాయలేదు. జవాబు అంచుదాకా వచ్చారు, నా గుట్టు కాపాడటానికి అక్కడ ఆగిపోయారు. నేను దాచిపెట్టకపోయుంటే ఆయన గట్టిగా అడిగేవారు, మీ మామయ్య చూసేవాడు. అది తలుచుకుంటే చెప్పుల దుకాణం వైపు వెళ్లలేకపోతున్నాను.

మర్నాడు డైరెక్టరు దగ్గరికి వెళ్లాను. ముసలి మడి ఈ ఏడు పూతకు ముందే కోయాలన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"మీ అమ్మాయిగారి రిపోర్టు ఇంకా రాలేదు కదండీ. వచ్చాక చూద్దాం. ఇన్నేళ్ల ప్రయోగం, మీరే కోయమంటున్నారేంటి?"

"రిపోర్టు రాలేదని గడ్డికి తెలియదండీ," అన్నాను. "ఇంకో పది రోజుల్లో పూస్తుంది."

మడి బాధ్యత కాగితాల మీద నాదే. విరమణకు ఇంకా ఏడాది ఉంది. ట్రాక్టరుకు నేనే కబురు పెట్టాను.

ట్రాక్టరు డ్రైవరు గట్టు మీద ఆగి దిగాడు. "పచ్చిగా ఉందమ్మా, గింజ కాదుగదా పూత కూడా రాలేదు, పొరపాటున చెప్పారేమో," అన్నాడు. ఎప్పుడూ ఎండి బంగారంలా అయ్యాక కోసిన మనిషి. పొరపాటు కాదన్నాను. మీ నాన్న నిలబడిన చోటు ఉజ్జాయింపుగా నాకు తెలుసు, అక్కడ నిలబడ్డాను. ట్రాక్టరు అంచులనుంచి మొదలుపెట్టి తిరుగుతూ తిరుగుతూ నా దగ్గరికి వచ్చింది. చివరికి నా చుట్టూ చాపంత మిగిలింది. పక్కకు జరిగాను. ఏడ్చాను, దాచనక్కరలేదు. పచ్చిగడ్డిని పశువులు ఎంత ఇష్టంగా తిన్నాయో చూస్తే మాత్రం కాస్త కోపమొచ్చింది.

ఆలస్యంగా పూసే జాతులు కొన్నేళ్లలో పోతాయి. ఏవి ముందు పోతాయో, వాటి చోట ఏవి వస్తాయో ఇకముందు లెక్కపెడతాను, ముక్కుకు గుడ్డ కట్టుకుని. అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్లాను. పీల్చే మందు ఇచ్చారు. ఆ డాక్టరమ్మాయి, "ఎన్నాళ్లనుంచి ఉందండీ?" అని అడిగింది. నా కూతురికి ఐదేళ్లప్పటినుంచి అన్నాను. ఇప్పుడు పాపకెన్నేళ్లు అంది. చెబితే నావైపు చూసిన చూపు నువ్వు చూడనందుకు సంతోషం.

రిపోర్టు మీద సంతకం పెట్టు. రోగుల పట్టికలో నన్ను చేర్చు. వృత్తి అన్నచోట గడ్డి అని రాయి. దుప్పట్ల సంగతి కూడా రాయి, కనిపెట్టింది నేను కాదు, మీ నాన్న.

పెట్టెలో వెంట్రుక బిగిస్తానని ఆ పరికరాలాయన అన్నాడు. ఒక్క పొడుగాటి వెంట్రుక ఇవ్వండి చాలన్నాడు. నా తల చూస్తే తెల్లవి కావలసినన్ని ఉన్నాయి. వద్దన్నాను. అది చేయాల్సిన పని చేసింది. లక్క చుక్కతో సహా రేపు పార్సిల్ కట్టిస్తాను.

నిన్న మధ్యాహ్నం మందు పీల్చి, దుప్పట్లు లేకుండా, కిటికీలు రెండూ బార్లా తెరిచి పడుకున్నాను. దగ్గు లేపకుండా మెలకువ వచ్చింది. లేచి, అలవాటు చొప్పున అలమారు వైపు చూశాను. ముల్లు ఉన్నచోటే ఉంది.

మొదట్లో ఆపిన సగం ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

ఇట్లు,
నీ అమ్మ